బుట్టబంతి చరిత్ర (7): పొడుగుకు పగ్గాలు

1957 మార్చి 23 రాత్రి. అమెరికాలోని కాన్సస్ సిటీ మునిసిపల్ ఆడిటోరియం. కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్ మొదలవబోతోంది. ఒకవైపు కాన్సస్ విశ్వవిద్యాలయం, ఇంకోవైపు నార్త్ కరొలినా. రిఫరీ కోర్టు మధ్యలో నిలబడి బంతిని పైకి ఎగరేస్తే రెండు జట్ల నుంచి చెరొకరు ఎగిరి అందుకోవాలి. ఏ జట్టయినా ఆ పనికి తనలోకెల్లా పొడుగువాణ్ణే పంపుతుంది. కాన్సస్ తరఫున విల్ట్ చాంబర్లిన్ వచ్చి నిలబడ్డాడు. ఏడడుగుల ఒక అంగుళం మనిషి. నార్త్ కరొలినా కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ అతని ఎదురుగా పంపింది టామీ కెర్న్స్‌ని. కెర్న్స్ ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. మొదటి ఐదుగురిలో అతనే పొట్టి.

చూసేవాళ్లకు వేళాకోళంలా ఉండే పని అది. మెగ్వైర్ లెక్క వేరు. ఎవరు ఎగిరినా ఆ బంతి ఎలాగూ చాంబర్లిన్‌దే. అలాంటప్పుడు పొడుగువాణ్ణి పంపితేనేం, పొట్టివాణ్ణి పంపితేనేం? కనీసం ఎదుటివాడికి చిరాకైనా పుడుతుంది. ఆట మొదలయ్యాక చాంబర్లిన్ చుట్టూ ఇద్దరు ముగ్గురు మూగి, అతని చేతికి బంతి చేరడమే కష్టం చేశారు. మూడు అదనపు సమయాల దాకా సాగి నార్త్ కరొలినా 54-53తో గెలిచింది. చాంబర్లిన్ 23 పాయింట్లు చేశాడు, 14 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతులు) పట్టాడు. టోర్నమెంటు ఉత్తమ ఆటగాడిగా కూడా అతన్నే ఎంచారు. కప్పు మాత్రం దక్కలేదు.

ఆ రాత్రి పొడుగును ఓడించింది కోచ్ ఎత్తుగడ. అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచీ, ఆ తర్వాత అరవై ఏళ్ల పైగానూ అదే పనిని పుస్తకంలో రాసి చేయాలని చూసిన వాళ్లున్నారు. వాళ్లే నియమావళి సంఘం సభ్యులు. గత భాగంలో కాలేజీ జట్లు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ దాకా ఎలా ఎదిగాయో చూశాం. ఈసారి ఆ సంఘం కథ. నా మాట ముందే చెప్పేస్తాను, పాఠకులు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు: పొడుగువాణ్ణి ఆపాలని గురిపెట్టి రాసిన నియమాలు అతన్ని ఆపలేకపోయాయి. ఆపినవి వేరే ఉద్దేశంతో రాసినవి. గడియారం, నేల మీద ఒక గీత, నడుం మీద పెట్టే చెయ్యి – ఈ మూడింటి గురించి రాసిన నియమాలే చివరికి ఆటను సెంటర్ చేతిలోంచి తీసి గార్డ్ చేతిలో పెట్టాయి.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. సెంటర్ అంటే బుట్ట కింద కాపు కాసే పొడుగువాడు. గార్డ్ అంటే బంతిని నేలకేసి కొట్టుకుంటూ తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చేవాడు. మన వీధిలో ఆరడుగుల మనిషి నడిచొస్తే ఆజానుబాహువు అంటాం. ఆ కోర్టులో ఆరడుగులవాడు పొట్టివాడి కిందే లెక్క. ఈ వ్యాసంలో పొట్టి అన్నచోటల్లా ఈ కొలతే గుర్తు పెట్టుకోండి.

మొదటి మార్పు 1937లో వచ్చింది. అప్పటిదాకా ఎవరు బుట్టలో వేసినా బంతిని మళ్లీ కోర్టు మధ్యకు తెచ్చి ఎగరేసేవారు. జట్టులో ఒక్క పొడుగువాడు ఉంటే చాలు, పాయింటు చేసి, మళ్లీ ఎగిరి బంతి అందుకుని, మళ్లీ పాయింటు చేయొచ్చు. ఎదుటివాళ్లకు బంతి కనిపించేదే గగనం. 1937-38 సీజన్ నుంచి ఈ పద్ధతి తీసేశారు. ఎవరి మీద పాయింటు పడితే వాళ్లే బుట్ట వెనక గీత దగ్గర బంతి తీసుకుని ఆట మొదలెట్టాలన్నారు. ఆగి ఆగి నడిచే ఆట కాస్తా పరుగందుకుంది. ఆ సీజన్లోనే, 1938 జనవరి 1న, స్టాన్‌ఫర్డ్ ఆటగాడు హ్యాంక్ లూసెటీ డ్యూకేన్ జట్టు మీద ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. అతని ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. రెండు చేతులతో నిలబడి వేసే షాట్ రాజ్యమేలుతున్న రోజుల్లో అతను పరుగులోనే ఒంటిచేత్తో వేసేవాడు. పాత పద్ధతిలో ప్రతి బుట్ట తర్వాతా ఆట ఆగిపోతుంటే అన్ని పాయింట్లకు సమయం ఎక్కడిది?

ఇక్కడి నుంచి ఒక్కో నియమం ఒక్కో మనిషి వెంటపడింది.

1940ల మొదట్లో ఓక్లహోమా ఏ అండ్ ఎం కాలేజీలో బాబ్ కర్లండ్ అనే ఏడడుగుల కుర్రాడు చేరాడు. షికాగోలోని డిపాల్‌లో జార్జ్ మైకన్, 6 అడుగుల 10 అంగుళాలు. ఇద్దరిదీ ఒకటే విద్య. ఎదుటివాడు వేసిన బంతి వంపు తిరిగి బుట్టలోకి దిగుతుంటే, సరిగ్గా రింగు మీద చేతులు చాచి దాన్ని పక్కకు తోసేయడం. ఎంత గురి చూసి వేసినా లాభం లేదు. బుట్టకు మూత పెట్టినట్టే. 1944లో సంఘం దీన్ని నిషేధించింది. కిందికి దిగుతున్న బంతిని ముట్టుకుంటే పాయింట్లు ఎదుటి జట్టువే. దీన్నే గోల్‌టెండింగ్ అంటారు.

కర్లండ్ పని అయిపోయిందని కొందరు సంబరపడి ఉంటారు. జరిగింది చూడండి. 1945లో ఓక్లహోమా ఏ అండ్ ఎం జాతీయ విజేత. 1946లో మళ్లీ అదే జట్టు. రెండేళ్లూ టోర్నమెంటులో మేటి ఆటగాడు కర్లండే. కోచ్ హెన్రీ ఐబా అతనికి బుట్ట దగ్గర ఎక్కడ నిలబడాలో, ఎదుటివాణ్ణి ఎప్పుడు అడ్డుకోవాలో నేర్పాడు. నియమం ఒక అలవాటును మాన్పించింది, అంతకంటే మంచి విద్యను నేర్పించింది.

1950ల మధ్యలో బిల్ రసెల్ వంతు. శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం అతనితో 1955, 1956 టైటిళ్లు వరసగా గెలిచింది. సంఘం బుట్ట ముందరి లేన్ వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచింది. లేన్ లోపల మూడు సెకన్లకు మించి నిలబడితే బంతి పోతుందన్న నియమం 1930ల నుంచే ఉంది కాబట్టి, లేన్ వెడల్పయితే పొడుగువాడు బుట్టకు అంత దూరం జరగాలి. 1956 ఫైనల్లో రసెల్ 26 పాయింట్లు, 27 రీబౌండ్లు. ఇది కూడా పారలేదన్నమాట. ఇంకో సంగతి: ఆ జట్టులో రసెల్ పక్కన కే.సి. జోన్స్ అని 6 అడుగుల 1 అంగుళం గార్డ్ ఉండేవాడు. 1955 ఫైనల్లో 24 పాయింట్లు చేసి, ఎదుటి జట్టు మొనగాడు, 6 అడుగుల 6 అంగుళాల టామ్ గోలాను కట్టడి చేసింది అతనే. రసెల్ పొడుగు గురించి రాసినంతగా జోన్స్ కాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

మన కాలేజీ మైదానాల్లో 2010కి ముందు బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకు బుట్ట కింద ట్రెపీజియం ఆకారం గుర్తుండే ఉంటుంది. పైన ఇరుకు, కింద వెడల్పు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 1956లో తెచ్చిన ఆ గీతల ఉద్దేశం కూడా పొడుగువాళ్లను బుట్టకు దూరంగా జరపడమే. 2010లో తీసేసి దీర్ఘచతురస్రం గీశారు. సిమెంటు కోర్టుల మీద పాత సున్నం గీతలు వెలిసిపోయి ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తాయి.

చాంబర్లిన్ దగ్గరికి వస్తే, అతని పేరు మీద చెప్పుకునే నియమాలు రెండు మూడున్నాయి. బోర్డు మీదుగా బుట్ట వెనక నుంచి బంతి విసరకూడదు. ఫౌల్‌కు పరిహారంగా దొరికే ఫ్రీ త్రో వేసేవాడు గీత దాటి ఎగరకూడదు. సొంత జట్టువాడు వేసిన బంతి బుట్ట మీద ఉండగా ముట్టుకోకూడదు. వీటి మీద ఎక్కువ సేపు నిలవనక్కర్లేదు. కాన్సస్ పాత కోచ్ ఫాగ్ ఆలెన్ అయితే బుట్టనే 10 అడుగుల నుంచి 12 అడుగులకు ఎత్తమని ఏళ్ల తరబడి వాదించాడు. సంఘం ఒప్పుకోలేదు. అదీ మంచిదే అయింది. బుట్టను రెండడుగులు పైకి జరిపితే పొడుగువాడికి కష్టమైతే పొట్టివాడికి అంతకు రెట్టింపు కష్టం. ఇంత చిన్న లెక్క ఆలెన్ అంతటివాడికి ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

అసలు గొడవ 1967లో. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో లూ ఆల్సిండర్ అని ఏడడుగుల పైబడ్డ కుర్రాడు. తర్వాత పేరు మార్చుకుని కరీమ్ అబ్దుల్ జబ్బార్ అయ్యాడంటే ఎక్కువమంది గుర్తుపడతారు. ఆ రోజుల్లో మొదటి ఏడు విద్యార్థి ప్రధాన జట్టులో ఆడకూడదు కాబట్టి 1966-67లో రెండో ఏట దిగాడు. దిగిన మొదటి ఆటలోనే 56 పాయింట్లు. ఆ ఏడు యూసీఎల్ఏ 30 ఆడి 30 గెలిచింది. ఫైనల్ ముగిసిన కొద్దిరోజులకే నియమావళి సంఘం డంక్‌ను నిషేధించింది. అంటే ఎగిరి రింగు పై నుంచి బంతిని చేత్తో కిందికి దింపకూడదు. ఆటలోనే కాదు, ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకునేటప్పుడు కూడా వద్దన్నారు.

సంఘం చెప్పిన కారణాలు: దెబ్బలు తగులుతున్నాయి, రింగులు వంగుతున్నాయి, డంక్‌ను అడ్డుకునే ఉపాయం లేదు. ఆల్సిండర్ ఇది తన మీద గురిపెట్టిందే అన్నాడు. ఎక్కువగా డంక్ చేసేది నల్లజాతి ఆటగాళ్లే కాబట్టి ఇందులో జాతి వివక్ష కూడా ఉందన్నాడు. వంగిన రింగులకు గట్టి రింగులు చేయించొచ్చు కదా అన్న ప్రశ్నకు సంఘం దగ్గర మంచి జవాబు లేదు. 1967 అమెరికా సంగతి తెలిసినవారెవరైనా ఆ కుర్రాడి అనుమానాన్ని తీసిపారేయలేరు.

కోచ్ జాన్ ఉడెన్ మాత్రం దీనివల్ల నీ ఆట బాగుపడుతుందని అతనికి నచ్చజెప్పాడు. అన్నట్టే అయింది. డంక్ పోయింది కాబట్టి ఆల్సిండర్ తన హుక్ షాట్‌కు పదును పెట్టాడు. బుట్టకు పక్కగా తిరిగి, ఒక కాలి మీద లేచి, చెయ్యి నిటారుగా చాపి, మణికట్టుతో బంతిని రింగు మీదికి వదలడం. ఎదుటివాడి చెయ్యి ఎంత చాచినా మధ్యలో అతని భుజం అడ్డు. యూసీఎల్ఏ 1968, 1969 టైటిళ్లు కూడా గెలిచింది. అతను ఆడిన మూడేళ్లలో 88 గెలుపులు, 2 ఓటములు. ఆ షాట్‌తోనే వృత్తి ఆటలో ఇరవై సీజన్లు గడిపాడు. అదే కళాశాలలో అతని తర్వాత వచ్చిన బిల్ వాల్టన్ 1973 ఫైనల్లో 22 షాట్లు వేసి 21 బుట్టలో పడేశాడు. 44 పాయింట్లు, డంక్ నిషేధం అమలులో ఉండగానే. 1976-77లో సంఘం నిషేధాన్ని మౌనంగా ఎత్తేసింది.

అయితే ఇదే ఉడెన్ 1964లో మొదటి టైటిల్ గెలిచిన జట్టులో మొదటి ఐదుగురిలో ఎవరూ 6 అడుగుల 5 అంగుళాలు మించలేదు. వాల్ట్ హజార్డ్, గెయిల్ గుడ్రిచ్ అనే ఇద్దరు గార్డులు కోర్టు ఈ కొస నుంచే ఎదుటివాళ్ల మీదపడి బంతి లాక్కునేవారు. అదీ 30కి 30. పొట్టివాళ్లు గెలవడానికి అప్పుడు ఏ కొత్త నియమమూ అవసరం కాలేదు.

గడియారం, గీత

పొడుగువాడి మీద గురిపెట్టడం మానేశాకే అసలు మార్పు మొదలైంది. మొదటిది గడియారం.

1980ల మొదటి దాకా కాలేజీ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు ఎంతసేపైనా ఉంచుకోవచ్చు. షాట్ వేయక్కర్లేదు. నార్త్ కరొలినా కోచ్ డీన్ స్మిత్ దీన్ని ఒక కళగా మార్చాడు. నలుగుర్ని నాలుగు మూలలా నిలబెట్టి, మధ్యలో చురుకైన గార్డ్ చేతికి బంతి ఇచ్చేవాడు. గార్డ్ డ్రిబుల్ చేస్తూ తిరుగుతూనే ఉంటాడు. మీదికొస్తే మూల ఉన్నవాడికి పాస్, రాకపోతే కాలం గడుస్తుంది. ఫిల్ ఫోర్డ్ ఈ పనిలో ఆరితేరినవాడు. ఒక్క పాయింటు ఆధిక్యం ఉన్నా చాలు, ఆట ముగిసినట్టే. 1979 ఫిబ్రవరిలో డ్యూక్‌తో ఆడిన ఆటలో నార్త్ కరొలినా ఇలాగే బంతి దాచుకుంటూ పోతే, సగం ఆట ముగిసేసరికి స్కోరు 7-0. ఆ సున్నా నార్త్ కరొలినాదే. చివరికి ఓడింది కూడా.

గమనించాల్సింది ఏమిటంటే, ఇది గార్డ్ ఆయుధం. 1982లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ లీగ్ ఫైనల్లో ఎదుటి వర్జీనియా జట్టులో రాల్ఫ్ శాంప్సన్ ఉన్నాడు, 7 అడుగుల 4 అంగుళాలు. అతన్ని బుట్ట దగ్గర నిలబెట్టి వర్జీనియా కదలకుండా కూర్చుంది. మైకేల్ జోర్డాన్, జేమ్స్ వర్దీ ఉన్న నార్త్ కరొలినా కూడా చివరి నిమిషాలన్నీ బంతి పట్టుకుని నిలబడింది. దేశమంతా టీవీలో చూస్తుండగా. 47-45. అంతటి ఆటగాళ్లను పెట్టుకుని ఇదేం ఆటని జనం విసుక్కున్నారు. మరుసటి సీజన్లోనే ఆ కాన్ఫరెన్స్ 30 సెకన్ల గడియారాన్ని, 17 అడుగుల 9 అంగుళాల మూడు పాయింట్ల గీతను ప్రయోగంగా పెట్టింది. దేశమంతటికీ 45 సెకన్ల షాట్ క్లాక్ 1985-86లో వచ్చింది. 1993-94లో 35, 2015-16లో 30. కబడ్డీలో కూతకు వెళ్లినవాడికీ ఇప్పుడు ముప్పై సెకన్లే. లోపలికి వెళ్లి తేల్చుకు రావాలి తప్ప గీత దగ్గర తచ్చాడితే కుదరదు.

చూడబోతే గడియారం గార్డ్ చేతిలోని ఆయుధాన్ని లాక్కుంది. ఇచ్చింది అంతకంటే పెద్దది. పొడుగువాడికి బంతి చేర్చడం ఓపిక పని. అతను బుట్ట దగ్గర చోటు సంపాదించుకోవాలి, వీపుతో ఎదుటివాణ్ణి ఆపాలి, పాస్ సరిగ్గా అందాలి, తిరగాలి. ఇద్దరు మీదపడితే బంతి మళ్లీ బయటికి రావాలి. ముప్పై సెకన్లలో ఇదంతా ఒకసారికే సరిపోతుంది. చివరి ఎనిమిది సెకన్లు మిగిలినప్పుడు అందరి కళ్లూ వెతికేది తనంతట తాను షాట్ పుట్టించుకోగలవాణ్ణి. వాడు గార్డే.

రెండోది గీత. 1986-87లో దేశమంతటా 19 అడుగుల 9 అంగుళాల దూరంలో మూడు పాయింట్ల గీత వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీకి చెందిన ఎడ్ స్టైట్జ్ దీని వెనక ప్రధాన శక్తి. జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆటను పుట్టించిన ఊరూ, సంస్థా అవే. స్టైట్జ్ ఉద్దేశం తెలిస్తే నవ్వొస్తుంది. బుట్ట కింద రక్షకులు గుంపుగా చేరి పొడుగువాణ్ణి ఊపిరాడనివ్వడం లేదు, దూరం నుంచి వేస్తే ఎక్కువ పాయింట్లిస్తామంటే గుంపు చెదురుతుంది, లోపల చోటు దొరుకుతుంది అని. అంటే ఆ గీత పొడుగువాడి మేలు కోరి గీసిందే!

చోటు దొరికింది. ఆ చోట్లోకి దూరింది మాత్రం గార్డులు. లెక్క చిన్నది. దగ్గర నుంచి వేసే రెండు పాయింట్ల షాట్ నూటికి యాభై పడితే వంద పాయింట్లు. దూరం నుంచి వేసే మూడు పాయింట్లది నూటికి ముప్పై నాలుగు పడితేనే నూట రెండు. ఈ లెక్క తెలిశాక సెంటర్ దగ్గరికి బంతి పంపే ముందు ఏ కోచ్ అయినా రెండోసారి ఆలోచిస్తాడు. మొదటి సీజన్లో జట్టుకు ఆటకు సగటున తొమ్మిది మూడు పాయింట్ల షాట్లు వేశారు. ఇప్పుడు ఇరవై దాటింది. గీతను 2008లో 20 అడుగుల 9 అంగుళాలకు, 2019లో 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాలకు వెనక్కి జరిపినా ఆ జోరు తగ్గలేదు.

మొదటి ఏడాది ఫైనల్ చూస్తే చాలు. ఇండియానా కోచ్ బాబ్ నైట్‌కు ఈ గీత అంటే సరిపడదు, బాహాటంగానే వ్యతిరేకించాడు. 1987 ఫైనల్లో సిరక్యూస్ మీద అతని గార్డ్ స్టీవ్ ఆల్‌ఫర్డ్ మూడు పాయింట్ల షాట్లు పది వేసి ఏడు పడేశాడు. ఇండియానా 74-73తో గెలిచింది. చివరి షాట్ వేసింది కూడా ఇంకో గార్డ్, కీత్ స్మార్ట్. గీతను తిట్టినవాడికే గీత కప్పు తెచ్చిపెట్టింది. అదే టోర్నమెంటులో రిక్ పిటీనో శిష్యుడు బిల్లీ డొనోవన్ అనే పొట్టి గార్డ్ ప్రావిడెన్స్ జట్టును చివరి నాలుగింటి దాకా లాక్కొచ్చాడు.

నడుం మీద చెయ్యి

మూడో నియమం దగ్గర నుంచి చూడాలి. గార్డ్ బంతిని కొట్టుకుంటూ వస్తుంటాడు. రక్షకుడు అతని నడుం మీద అరచెయ్యి ఆనిస్తాడు. తొయ్యడు, పట్టుకోడు, ఆనిస్తాడంతే. గార్డ్ ఎడమకు తిరగబోతే ముందు కదిలేది నడుం. ఆ కదలిక అరచేతికి తెలిసిపోతుంది. కంటితో చూసి కాలు కదిపేలోపు పట్టే క్షణం మిగులుతుంది. వేగమే ఆస్తిగా ఉన్నవాడికి ఆ క్షణం పోతే అంతా పోయినట్టే. రిఫరీకి అందులో ఫౌల్ కనిపించేది కాదు. ఏటేటా చెయ్యి కాస్తా మోచెయ్యి అయింది, మోచెయ్యి కాస్తా రెండు చేతులు అయింది.

2012-13 సీజన్లో జట్టుకు ఆటకు సగటు 67.5 పాయింట్లకు పడిపోయింది. 1982 తర్వాత అంత తక్కువ లేదు. మరుసటి ఏడు కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ రిఫరీలకు గట్టి ఆదేశం ఇచ్చింది. బంతి కొట్టేవాడి మీద చెయ్యి పెట్టి తీయకుండా ఉంచితే ఫౌల్. రెండు చేతులు వేస్తే ఫౌల్. మాటిమాటికీ తాకి తీస్తుంటే ఫౌల్. మోచేతిని అడ్డుకర్రలా ఆనిస్తే ఫౌల్. మొదటి నెలల్లో ఈలలే ఈలలు. కోచ్‌లు మండిపడ్డారు.

ఆ ఏడు ఏప్రిల్‌లో కప్పు ఎత్తింది కనెక్టికట్. టోర్నమెంటులో దాని ముందస్తు ర్యాంకు, అంటే సీడు, ఏడు. నడిపించినవాడు 6 అడుగుల 1 అంగుళం షబాజ్ నేపియర్, అతని పక్కన ఇంకో ఆరడుగుల గార్డ్ రయన్ బోట్‌రైట్. ఫైనల్లో పొడుగైన కెంటకీ మీద 60-54. ఫ్రీ త్రోలు చూడండి: కనెక్టికట్ పదికి పది వేసింది, కెంటకీ 24కి 13. ఫౌల్ ఈల మోగే ఆటలో ఫ్రీ త్రో వేయగల గార్డే ధనవంతుడు.

రిఫరీలు మరుసటి ఏడు చేయి సడలించారు, పాయింట్లు మళ్లీ పడిపోయాయి. అందుకే 2015లో సంఘం గడియారాన్ని 30కి కుదించింది. బుట్ట కింద అర్ధవృత్తాన్ని 3 అడుగుల నుంచి 4 అడుగులకు పెంచింది. ఆ లోపల నిలబడి ఎదురొచ్చేవాణ్ణి గుద్దించుకుని ఫౌల్ రాబట్టుకోవడం కుదరదు. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఇంకో మార్పు ఉంది. అంతకుముందు రక్షకుడు దగ్గరగా కాపు కాస్తుంటే గార్డ్ ఐదు సెకన్లకు మించి డ్రిబుల్ చేయకూడదు. దాన్ని తీసేశారు. ఇక గార్డ్ ఎంతసేపైనా బంతితో ఆడుకుంటూ ఎదుటివాడు తప్పటడుగు వేసేదాకా కాచుకోవచ్చు. నన్నడిగితే గార్డులకు దొరికిన వరాల్లో ఇది మొదటి వరసలోది.

ఇంతా చేసి పొడుగువాడు ఆటలోంచి వెళ్లిపోయాడా? లేదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ 2023లోనూ 2024లోనూ దేశంలో మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. కానీ ఆ రెండేళ్లూ అతనికి ఏం జరిగిందో చూడాలి.

2023 మార్చి 17న పర్డ్యూ మొదటి రౌండులో న్యూజెర్సీకి చెందిన ఫెయిర్లీ డికిన్సన్‌తో ఆడింది. ఒకటో సీడు మీద పదహారో సీడు. మొదటి శ్రేణిలోని 363 జట్లలో సగటు ఎత్తు అన్నిటికంటే తక్కువున్న జట్టు అదే. దాని గార్డ్ డిమెట్రి రాబర్ట్స్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అంటే మన ఊళ్లో మామూలు మనిషి. వాళ్లు ఈడీ ముందొకణ్ణి, వెనకొకణ్ణి పెట్టి, మిగతా ముగ్గురితో పర్డ్యూ గార్డుల మీద పడ్డారు. ఈడీ 21 పాయింట్లు చేశాడు, 15 రీబౌండ్లు పట్టాడు. పర్డ్యూ 16 సార్లు బంతి పోగొట్టుకుంది. 63-58తో ఇంటికెళ్లింది. పురుషుల టోర్నమెంటులో పదహారో సీడు ఒకటో సీడును ఓడించడం అది రెండోసారి మాత్రమే.

2024లో ఈడీ ఫైనల్ దాకా వచ్చాడు. ఈసారి కనెక్టికట్ అతని మీదికి ఇద్దర్ని పంపలేదు. 7 అడుగుల 2 అంగుళాల డోనోవన్ క్లింగన్‌ను ఒక్కణ్ణే వదిలి, మిగతావాళ్లు మూడు పాయింట్ల గీత దగ్గర పర్డ్యూ గార్డులను విడిచిపెట్టలేదు. వేసుకోనీ, రెండేసి పాయింట్లే కదా అన్న ధోరణి. ఈడీ 37 పాయింట్లు చేశాడు. పర్డ్యూ మొత్తం ఆటలో మూడు పాయింట్ల షాట్లు ఏడు వేసి ఒక్కటే పడేసింది. కనెక్టికట్ 75-60.

1967 నుంచి 1973 దాకా ఏడు టోర్నమెంట్లలో ఐదింట ఉత్తమ ఆటగాడు సెంటరే: మూడుసార్లు ఆల్సిండర్, రెండుసార్లు వాల్టన్. చేతుల మీద కట్టడి వచ్చిన 2014 టోర్నమెంటు నుంచి 2025 దాకా, కోవిడ్ వల్ల జరగని 2020ని వదిలేస్తే, పదకొండు జరిగాయి. వాటిలో పదింట ఉత్తమ ఆటగాడు గార్డే. మిగిలిన ఆ ఒక్కడు 2023లో కనెక్టికట్‌కు ఆడిన 6 అడుగుల 9 అంగుళాల అడమా సనోగో.

(వచ్చే వారం: పురుషులకంటే ఎన్నో ఏళ్ల ముందే ముప్పై సెకన్ల గడియారంతో ఆడిన మహిళల కోర్టు)